‘నాకు లెక్కలు రావండి’ అనే పిల్లాడికి ట్యూషన్ చెప్పడం ఎలా?

ప్రశ్న: మాది గుంటూరు. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేశాను. 2025 మెగా డీఎస్సీలో కొద్దిలో పోయింది. మళ్లీ చదువుకుంటూ, బ్రాడీపేటలో మా ఇంట్లోనే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ట్యూషన్ చెబుతున్నాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు తొమ్మిది మంది వస్తారు. అందులో పదో తరగతి అబ్బాయి ఒకడి గురించే నా బాధంతా. వాళ్ల నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. ఒకే లెక్క నాలుగుసార్లు చెప్పినా ‘అర్థమైందండీ’ అంటాడు. టెస్టు పెడితే సగం పేపర్ ఖాళీ, రాసినవి కూడా తప్పులే. అడిగితే ‘నాకు లెక్కలు రావండి’ అంటాడు. తిట్టాను, బతిమాలాను, మార్కులు వచ్చినవాళ్లకి చాక్లెట్లు పెట్టాను. ఏం మారలేదు. వాళ్లమ్మ ‘రెండు తగిలించండి మేడం, మేమేం అనుకోం’ అంటుంది. సంక్రాంతిలోపు మార్కులు పెరక్కపోతే మాన్పించి పెద్ద కోచింగ్‌లో వేస్తామన్నారు. విచిత్రం ఏమిటంటే, యార్డులో బస్తాల లెక్క మాత్రం నోటితోనే చెప్పేస్తాడని వాళ్ల నాన్న అంటాడు. ఇంకోపక్క, బాగా చదివే అమ్మాయి ఒకతి ఉంది. నేను వీడి దగ్గర కూర్చుంటే ఆ పిల్లకి విసుగొస్తోంది. అబ్బాయి టెస్టు పేపర్ ఫొటో పంపుతున్నాను. వాడిలో ఆసక్తి పుట్టించడం ఎలా? అసలు నేను టీచరుగా పనికొస్తానా?

జవాబు:

అమ్మా, మీరు అడిగింది ఆసక్తి గురించి. దానికి జవాబు చాలావరకు మీరు పంపిన పేపర్లోనే ఉంది. కాబట్టి ముందు ఆ పేపర్ చూద్దాం.

మూడో లెక్కకి మీరు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి సున్నా వేశారు. ఎక్స్ స్క్వేర్ − 5 ఎక్స్ + 6 = 0 అనే సమీకరణానికి మూలాలు కనుక్కోమన్న ప్రశ్న అది. వాడు ఏం రాశాడో ఒక్కో లైనూ చదవండి. ఏ = 1, బీ = −5, సీ = 6 అని రాశాడు. సరిగ్గానే ఉంది. కింద బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ అని సూత్రం రాశాడు. అదీ సరిగ్గానే ఉంది. ఆ కింద −25 − 24 అని వేశాడు. జవాబు −49 అన్నాడు. విచక్షణి, అంటే ఆ సూత్రానికి వచ్చిన విలువ, సున్నా కంటే తక్కువ కాబట్టి వాస్తవ మూలాలు లేవు అని రాసి ముగించాడు.

ఈ పిల్లాడికి గుణకాలు గుర్తుపట్టడం వచ్చు. సూత్రం నోటికి వచ్చు. −25లోంచి ఇంకో 24 తీసేస్తే −49 అవుతుందని తెలుసు. చాలామంది అక్కడ తడబడి −1 వేస్తారు. విచక్షణి రుణాత్మకమైతే ఏం రాయాలో కూడా తెలుసు. తెలియంది ఒక్కటే: −5ని −5తో గుణిస్తే +25 అవుతుందని. అది తెలిసుంటే 25 − 24 = 1 వచ్చేది, 2, 3 అని మూలాలు కూడా వాడే రాసేవాడు. లెక్కంతా చేసిన పిల్లాడికి సున్నా వస్తే, తెలిసినవేవో తెలియనిదేదో వాడికి విడివిడిగా కనపడవు. అన్నీ కలిసి ‘నాకు రాదు’ అనే ఒక్క మాటైపోతుంది.

ఈ తప్పు పదో తరగతిది కాదు. పూర్ణసంఖ్యల గుణకారం ఏడో తరగతి పాఠం. దాని కింద ఉండే భిన్నాలు, భాగహారాలు అంతకంటే ముందువి. 2025-26లో పదో తరగతి చదివే పిల్లలు కరోనాతో బళ్లు మూతపడిన 2020-21లో ఐదో తరగతి. ఆ ఏడాది ఎక్కువ భాగం ఇంట్లోనే గడిపి, పరీక్షలు లేకుండానే ఆరులోకి వచ్చారు. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పేవాళ్లున్న పిల్లలు ఎలాగో గట్టెక్కారు. లేనివాళ్లకి ఎక్కడ తెగిందో ఎవరూ చూడలేదు, బడికి చూసే తీరికా లేదు. సిలబస్ ముందుకి పోతూనే ఉంది. తొమ్మిది మంది పిల్లలున్న ట్యూషన్‌లో మాత్రం అది చూడొచ్చు. మీ బలం అక్కడే ఉంది. బడిలో చెప్పిన పాఠాన్నే సాయంత్రం మళ్లీ చెప్పడానికి ఇంకో టీచరు అక్కర్లేదు.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి వరండాలో ట్యూషన్ చెప్పేటప్పుడు ఇదే తప్పు పిల్లల చేతిలో ఎన్నోసార్లు చూశాను. ‘ఎందుకలా వేశావురా’ అని మామూలుగా, కోపం లేకుండా అడిగితే, ‘ఐదైదులు ఇరవై ఐదు కదండీ, ముందు మైనస్ ఉంది కదండీ’ అంటారు. వాళ్ల దారిలో వాళ్లకి న్యాయం ఉంది. మైనస్‌ని కాసేపు పక్కన పెట్టి, ఐదుని వర్గం చేసి, పక్కన పెట్టిన మైనస్‌ని తెచ్చి మళ్లీ తగిలిస్తున్నారు. ఆ దారి మనకి తెలియకుండా ‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, ఎన్నిసార్లు చెప్పాలి’ అంటే లాభం లేదు. ఆ మాట వాడు ఇప్పటికి వందసార్లు విని ఉంటాడు.

రేపు వాడు రాగానే ఒక తెల్లకాగితం ఇచ్చి, వాడి చేతే వరసగా కిందికి రాయించండి. −5 ఇంటూ 3 ఎంత? −15. −5 ఇంటూ 2? −10. −5 ఇంటూ 1? −5. −5 ఇంటూ 0? సున్నా. ఇక్కడ ఆపి, పై నుంచి కిందికి జవాబులు ఎలా మారుతున్నాయో చూడమనండి. లైను లైనుకీ ఐదు పెరుగుతోందని వాడే కనుక్కోవాలి, మీరు చెప్పొద్దు. తర్వాత −5 ఇంటూ −1 అని రాయించి ఊరుకోండి. ఇక్కడ మీకు నోరు దురద పెడుతుంది. ఓర్చుకోండి. పిల్లాడు ఆ వరసను చూసి ‘ఐదా అండీ?’ అని అనుమానంగా అంటాడు. కిందికి −5 ఇంటూ −5 దాకా వాడే వెళ్తాడు, 25 దగ్గర ఆగుతాడు. ఆ తర్వాత ఒకే ఒక్క అలవాటు చేయించండి: సూత్రంలో రుణ సంఖ్య ఎక్కడ వేయాల్సొచ్చినా ముందు బ్రాకెట్ గీసి, అందులో −5 పెట్టి, బ్రాకెట్ బయట వర్గం గుర్తు వేయాలి. బ్రాకెట్ ఉంటే ఆ మైనస్ కూడా లోపలిదేనని కంటికి కనపడుతుంది. అప్పుడు ఎర్ర గీత కొట్టిన ఆ పేపరే వాడికి ఇచ్చి, ‘ఇందులో ఒక్కటే తప్పుంది, వెతుకు’ అనండి. తన తప్పు తనే పట్టుకున్న పిల్లాడి ముఖం చూడండి. మీరు అడుగుతున్న ఆసక్తి అక్కడ మొదలవుతుంది.

ముందు ఆసక్తి కలిగించాలి, అప్పుడు చదువుతాడు అని తల్లిదండ్రులు అనుకుంటారు, కోచింగ్‌వాళ్లూ అలాగే చెబుతారు. అందుకే మోటివేషన్ స్పీచ్‌లు పెట్టిస్తారు, ర్యాంకర్ల ఫొటోలతో బెంజి సర్కిల్ దాకా ఫ్లెక్సీలు కడతారు. నేను చూసినంతలో వరస వేరు. చేతనవడం మొదలైతే ఇష్టం దాని వెనకే వస్తుంది. నిన్న రానిది ఇవాళ వచ్చిందని పిల్లాడికి తనంతట తనకే తెలిస్తే, వాడికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. అలా తెలియకపోతే ఎంత గొప్ప ఉపన్యాసమైనా రెండు రోజులే. కాబట్టి మీ పని రోజూ వాడి చేత ఒక్కటైనా ‘ఇది నాకు వచ్చింది’ అనిపించడం. అది మరీ సులువుగా ఉండకూడదు. పదో తరగతి కుర్రాడికి ఎక్కాలు ఇస్తే అవమానపడతాడు. వాడు నిలబడ్డ చోటికి ఒక్క మెట్టు పైన ఉండాలి. ఆ మెట్టు ఎక్కడుందో పేపర్లే చెబుతాయి. తప్పులున్న పేపర్లను పారేయకండి, ఇంటికీ పంపేయకండి. పిల్లాడికొకటి చొప్పున పలచటి నోట్‌బుక్ మీ దగ్గరే ఉంచుకుని, ఏ తేదీన ఏ తప్పు చేశాడు, ఎందుకు చేశానని చెప్పాడు, తర్వాత ఏం ఇవ్వాలి అని రెండు లైన్లు రాసుకోండి.

ఇప్పుడు ‘అర్థమైందా’ అనే ప్రశ్న గురించి. ఆ ప్రశ్నని మీ ట్యూషన్‌లో మానేయండి. దానికి మన పిల్లలు ఇచ్చే జవాబు ఒకటే, ‘అయిందండీ’. పెద్దవాళ్లని నొప్పించకూడదు, పక్కవాడి ముందు చిన్నబోకూడదు, త్వరగా ఇంటికి పోవాలి. ఇన్ని కారణాలుండగా ‘కాలేదండీ’ అని ఎవరంటారు? పైగా మీరు చెబుతుంటే వాడికి నిజంగానే అర్థమైనట్టు ఉంటుంది. బోర్డు మీద మన చెయ్యి గబగబా నడుస్తుంటే చూసేవాళ్లకి అంతా సులువే. వాడి చెయ్యి కదిలితే గానీ అర్థమైందో లేదో వాడికీ తెలియదు, మీకూ తెలియదు. నాలుగుసార్లు చెప్పానని రాశారు. అందులో మూడుసార్లు వాడి చేత చెప్పించి ఉంటే బాగుండేది. ఒక లెక్క పూర్తిగా చేసి చూపించండి. రెండోది సగం దాకా చేసి వదిలేయండి, మిగతాది వాడు పూర్తి చేస్తాడు. మూడోది మొదటి లైను మాత్రం మీరు వేయండి. నాలుగోది మొత్తం వాడిదే. మధ్యలో ఆగిపోతే ‘ఇక్కడిదాకా ఎలా వచ్చావో చెప్పు’ అని అడగండి. సగం సార్లు చెబుతూ చెబుతూనే తప్పు పట్టుకుంటాడు.

ప్రశ్న అడిగాక కాస్త ఆగడం కూడా అలవాటు చేసుకోండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త తరగతి గదుల్లో టేపు రికార్డులు పెట్టి విన్నారు. టీచర్లు ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను. అదే మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెరిగాయి, మామూలుగా నోరెత్తని పిల్లలు కూడా మాట్లాడారు. మూడు సెకన్ల నిశ్శబ్దం బయటినుంచి చూస్తే ఏమీ కాదు. మీరు ఆగి చూడండి, ఎంత పొడుగనిపిస్తుందో తెలుస్తుంది.

చెప్పింది మర్నాటికి మర్చిపోతున్నాడంటే అది వాడి ఒక్కడి లోపం కాదు. అందరమూ మర్చిపోతాం. మర్చిపోయింది గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేస్తేనే అది నిలబడుతుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు కాలేజీ విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చి చదివించారు. కొందరు దాన్నే మళ్లీ చదివారు. కొందరు పుస్తకం మూసేసి గుర్తున్నంత కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారైంది. రాసినవాళ్లకి 56 శాతం గుర్తుంటే, మళ్లీ చదివినవాళ్లకి 42 శాతమే గుర్తుంది. మన పిల్లల చదువంతా ఆ మొదటి రకమే. గైడు తెరిచి నాలుగుసార్లు చదివి వచ్చేసిందనుకుంటారు, టెస్టు హాల్లో తెల్లబోతారు.

కాబట్టి మీ రెండు గంటల్లో మొదటి పది నిమిషాలు పుస్తకాలన్నీ మూయించండి. ఒక చిన్న కాగితం మీద నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి, మూడే ప్రశ్నలు. మార్కులు లేవు. రాకపోతే పుస్తకం తెరిచి చూసుకుని రాసుకోవచ్చు. మూడూ మూడు పాఠాల నుంచి ఉంటే ఇంకో లాభం ఉంది. శ్రేఢుల అభ్యాసం చేసేటప్పుడు అన్నీ శ్రేఢుల లెక్కలే కాబట్టి ఏ సూత్రం వాడాలో ఆలోచించే పనే ఉండదు. పబ్లిక్ పరీక్షలో అసలు కష్టం అక్కడే వస్తుంది. లెక్క చదివి ఇది ఏ పాఠందో గుర్తుపట్టడం కూడా ఒక విద్య, దాన్నీ అభ్యాసం చేయించాలి.

ఆ పది నిమిషాలు అయ్యాక ఎవరి పని వాళ్లకి ఇచ్చి, ఒక్కొక్కరి పక్కన వెళ్లి కూర్చోండి. అందరికీ కలిపి బోర్డు మీద చెప్పేది ఇరవై నిమిషాలకి మించనివ్వొద్దు. మూడు తరగతుల పిల్లలున్నప్పుడు బోర్డు పాఠం ఎప్పుడూ ఆరుగురికి పనికిరాదు. పక్కన కూర్చున్నప్పుడు ఒకటి గమనించండి. కొందరు పిల్లలు మనం దగ్గరికి రాగానే ఎడమ చెయ్యి నోట్‌బుక్‌కి అడ్డం పెట్టుకుంటారు. ఏదో వెతుకుతున్నట్టు పేజీ తిప్పేస్తారు, రబ్బరు తీసి గబగబా చెరిపేస్తారు. మీ అబ్బాయి కూడా అదే రకమై ఉంటాడని నాకు అనిపిస్తోంది. ఆ చెయ్యి తీయమని చెప్పకండి. రబ్బరు వాడొద్దు, తప్పయితే ఒక్క గీత కొట్టి కింద మళ్లీ రాయి అని అందరికీ కలిపి ఒకసారి చెప్పండి. తప్పు చెరిపేస్తే మీకు చూడ్డానికి ఏం మిగులుతుంది? నోట్‌బుక్ చూడగానే మొదట తప్పు దగ్గరికి పోకుండా, సరిగ్గా ఉన్న లైను మీద వేలు పెట్టి ‘ఇక్కడిదాకా బాగుంది’ అనండి. కొన్ని వారాల్లో ఆ చెయ్యి దానంతట అదే తొలగిపోతుంది. మార్కులు పెరగడానికి ముందే అది కనిపిస్తుంది.

మెచ్చుకోవడంలో కూడా అంతే జాగ్రత్త కావాలి. ‘నువ్వు తెలివైనవాడివి రా’ అంటే పిల్లాడికి సంతోషంగానే ఉంటుంది. కానీ తర్వాతి లెక్క రాకపోతే ఆ తెలివి పోయినట్టేగా. అందుకని కష్టమైన లెక్క జోలికే పోడు. ‘బ్రాకెట్ మర్చిపోకుండా పెట్టావు’, ‘మొదటి దారి కుదరకపోతే వదిలేయకుండా ఇంకో దారి చూశావు’ అని చేసిన పనిని మెచ్చుకోండి. రేపు మళ్లీ చేయడానికి వాడి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

చాక్లెట్ల విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను, ఆపేయండి. ఆ తొమ్మిది మందిలో చాక్లెట్ ఎవరికి వస్తుందో టెస్టుకి ముందే అందరికీ తెలుసు. రానివాళ్లకి అది ప్రతి వారం అందరి ముందూ జరిగే అవమానం. మార్కుల సంగతీ కొంతవరకు అంతే. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో ఐదు, ఆరు తరగతుల పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మార్కులు మాత్రం ఇచ్చారు. ఒక గుంపుకి ఎక్కడ బాగుంది, ఏం మార్చుకోవాలి అని వ్యాఖ్య రాసిచ్చారు. మూడో గుంపుకి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగైంది, ఇష్టం నిలబడింది. మార్కు, వ్యాఖ్య రెండూ ఇచ్చిన గుంపుకి ఆ లాభం దక్కలేదు. మార్కు కనపడగానే పిల్లలు పక్కవాడి మార్కు వైపు చూస్తారు, కింద రాసింది చదవరు. బడిలో ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షలు ఎటూ ఉన్నాయి. మార్కులకి కరువేం లేదు. మీ ట్యూషన్ టెస్టుల్లో ఓ రెండు నెలలు మార్కులు వేయకుండా, తప్పు జరిగిన లైను పక్కన చిన్న చుక్క పెట్టి ఇచ్చేయండి. ఆ చుక్క ఎందుకు పెట్టారో వాళ్లే కనిపెట్టాలి.

యార్డు లెక్కల మాట నాకు చాలా నచ్చింది. ఒకసారి వాడిని కూర్చోబెట్టి, క్వింటా 14 వేల చొప్పున 40 కిలోల టిక్కీలు (మిర్చి బస్తాలు) 12 ఉంటే ఎంతవుతుందో అడగండి. 67,200 అని చెబుతాడు. ఎలా చేశావని అడగండి. బహుశా ఇలా చేసి ఉంటాడు: పన్నెండు నలభైలు 480 కిలోలు, అంటే ఐదు క్వింటాళ్లకి 20 కిలోలు తక్కువ. ఐదు క్వింటాళ్లకి 70 వేలు, 20 కిలోలకి 2,800, తీసేస్తే సరి. అలా చేస్తే గనక, వాడు నోటితో వాడింది విభాగ న్యాయమే, అంటే బ్రాకెట్లో ఉన్న ఒక్కోదాన్నీ విడివిడిగా గుణించే నియమమే. 14,000ని బ్రాకెట్లో ఐదు మైనస్ సున్నా పాయింట్ రెండుతో గుణించాడు. వాడు చెప్పిందే మీరు కాగితం మీద గుర్తులతో రాసి, ‘నువ్వు చేసింది ఇదే’ అని చూపించండి. రాదనుకున్నది ఎప్పటినుంచో తన దగ్గరే ఉందని తెలియడం ఆ పిల్లాడికి చిన్న విషయం కాదు. అయితే దీన్ని సాగదీయొద్దు. ప్రతి పాఠానికీ మిరపకాయలు తెస్తే వాడికే చిరాకేస్తుంది. పైగా వర్గ సమీకరణాలకి యార్డులో పని లేదు. ఒకటి రెండుసార్లు చాలు.

వాళ్లమ్మ గారు కొట్టమన్నారు. కొట్టకండి. బడుల్లో శారీరక దండననూ మానసిక వేధింపునూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. చట్టం సంగతి అటుంచినా, భయపడ్డ పిల్లాడు తప్పు దాచుకోవడం నేర్చుకుంటాడు. తప్పు కనపడకపోతే మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఆవిడకి మీరు చట్టం చెప్పాల్సిన పని లేదు. ‘వాడు మొండివాడు కాదమ్మా, ఏడో తరగతిలో రెండు విషయాలు జారిపోయాయి, అవి పట్టుకుంటున్నాం’ అనండి. కొట్టమన్న తల్లి కూడా పిల్లాడి మీద కోపంతో అనలేదు, దిక్కు తోచక అంది. ఏం చేయాలో తెలిస్తే ఆ మాట అనరు.

యార్డుకి సెలవున్న ఆదివారం తండ్రిని కూడా రమ్మని, ఇద్దరికీ కలిపి మాట్లాడండి. పాత పేపరూ కొత్త పేపరూ పక్కపక్కన పెట్టి చూపించండి. సంక్రాంతికి ఇన్ని మార్కులు తెప్పిస్తానని మాట ఇవ్వకండి. ఇవ్వగలిగిన మాట వేరే ఉంది: ఏ వారం ఏం నేర్పుతారో, అది వచ్చిందో లేదో వాళ్లే చూసుకునేలా నోట్‌బుక్ పంపుతానని చెప్పండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డుకి సరుకు ముంచెత్తుతుంది, పదో తరగతి పరీక్షలూ అప్పుడే. గుమస్తా ఉద్యోగం కాబట్టి ఆయన రాత్రి ఎప్పటికి ఇంటికొస్తాడో తెలియదు. ఆ రెండు నెలలూ పిల్లాడిని సాయానికి కొట్టుకి పిలవొద్దని ఇప్పుడే అడిగి మాట తీసుకోండి. అప్పటికప్పుడు అడిగితే కుదరదు. ఇంకొకటి, పక్కింటి పిల్లాడితో పోల్చి మాట్లాడొద్దని నా మాటగా చెప్పండి. ఇన్ని చేసినా కోచింగ్‌కి పంపిస్తామంటే గొడవ పడకండి. ఆ నోట్‌బుక్ వాళ్ల చేతికిచ్చి, ఎక్కడిదాకా వచ్చాడో కొత్త సారుకి చూపించమని చెప్పండి.

పరీక్ష విషయంలో కొంచెం నిబ్బరంగా ఉండండి. వంద మార్కుల పేపర్లో పాస్‌కి 35 చాలు. ఒక మార్కు, రెండు మార్కుల ప్రశ్నలే 28 మార్కులకి ఉంటాయి. మీ అబ్బాయికి సూత్రాలు వచ్చునని పేపరే చెబుతోంది, కాబట్టి అవి అందుతాయి. సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత లాంటి, పాత పాఠాల మీద పెద్దగా ఆధారపడని పాఠాలు ముందు పట్టించండి. గుర్తుల తడబాటు తగ్గాక వర్గ సమీకరణాలు, శ్రేఢులు. త్రికోణమితి సర్వసమీకరణాలు చివరికి. 35 దాటతాననే ధైర్యం వచ్చాక 60 కోసం వాడే అడుగుతాడు. ఇంకో చిన్న సంగతి: బడిలో స్టడీ అవర్స్ ముగించుకుని తిన్నగా మీ ఇంటికే వస్తుంటే, వచ్చే దారిలో నాలుగు పునుగులైనా తిన్నాడో లేదో అడగండి. ఆకలితో ఉన్న పిల్లాడు మందకొడిగా కనపడతాడు.

బాగా చదివే అమ్మాయి గురించి రెండు మాటలు. ఆ పిల్లని మిగతావాళ్లకి చెప్పే చిన్న టీచరుగా వాడుకోవద్దు. అప్పుడప్పుడూ అయితే మంచిదే, చెబితే తనకీ గట్టిపడుతుంది. రోజూ అయితే తన చదువు ఆగిపోతుంది, వాడికీ నామోషీ. విసుగు వస్తోందంటే తనకి ఇచ్చేవి చాలడం లేదని అర్థం. జవాబు తెలిసిన లెక్కనే రెండో పద్ధతిలో చేయమనండి. 2, 3 మూలాలుగా వచ్చే సమీకరణం నువ్వే తయారు చెయ్యి, ఒకటి కాదు, ఎన్ని వస్తాయో చూడు అనండి. పది నిమిషాలు తల పట్టుకుని కూర్చునే లెక్క రోజుకొకటి ఇస్తే, మీరు ఎవరి దగ్గర కూర్చున్నా తను పట్టించుకోదు.

టీచరుగా పనికొస్తానా అని అడిగారు. ఒక్క పిల్లాడి కోసం ఇంత పొడుగు ఉత్తరం రాసి, వాడి పేపర్ ఫొటో తీసి పంపిన మనిషి పనికొస్తారు. డీఎస్సీలో కొద్దిలో పోవడం వేరే సంగతి, అది మళ్లీ రాస్తే వచ్చేది. అందుకోసం ఆదివారాలు ట్యూషన్ పెట్టుకోకండి, పరీక్షల సీజన్‌లో ఎంతమంది బతిమాలినా సరే. మీ చదువుకి పూర్తిగా మిగిలే రోజు అదొక్కటే. ఉద్యోగం వచ్చాక మాత్రం ఈ ట్యూషన్ ఆపేయాల్సి ఉంటుంది. బడి టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని ఆ విద్యాహక్కు చట్టమే 28వ సెక్షన్‌లో చెబుతోంది. ఏడాది మధ్యలో పోస్టింగ్ వస్తే పిల్లల్ని నడిమధ్యలో వదలాల్సి రావచ్చు. కాబట్టి మీ వీధిలోనో పక్క వీధిలోనో లెక్కలు చెప్పగలిగినవాళ్లు ఎవరున్నారో ఇప్పటినుంచే చూసి ఉంచుకోండి. ఆ రోజు వస్తే తొమ్మిది నోట్‌బుక్కులూ వాళ్లకి అప్పగించి, ఒక్కో పిల్లాడి గురించి పావుగంట కూర్చుని చెప్పి వెళ్లండి.